కరోనా తర్వాత చిన్న విమానాశ్రయాలు: లెక్క కోలుకుంది, ఊరు కోలుకుందా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి గల్ఫ్‌కో సింగపూర్‌కో కుర్రాడు బయలుదేరే రోజు ఇంట్లోకి ముందు కాటా వస్తుంది. జీడి పిక్కలు తూచే కాటానే పక్కింటి నుంచి తెచ్చి దూలానికి వేలాడదీస్తారు. బ్యాగును కొక్కేనికి తగిలించి, ముల్లు ఎక్కడ ఆగిందోనని ఇంటిల్లిపాదీ వంగి చూస్తారు. బరువు మించితే ఆవకాయ డబ్బా బయటికొస్తుంది. తల్లి ముఖం చూసి మళ్ళీ లోపలికి వెళ్తుంది. బదులుగా రెండు జతల బట్టలు మంచం మీద మిగిలిపోతాయి. ఎండుచేపల పొట్లానికి వాసన రాకుండా మూడు కవర్లు చుడతారు. విమానం పొద్దున్నే అయితే రాత్రి పదకొండుకల్లా బాడుగ కారు వాకిట్లో ఉంటుంది. పలాస, టెక్కలి, కోటబొమ్మాళి, నరసన్నపేట, శ్రీకాకుళం దాటుకుంటూ ఆ కారు హైవే మీద విశాఖ చేరేసరికి తెల్లవారుతుంది.

కోటబొమ్మాళి నుంచి విశాఖ విమానాశ్రయం సుమారు 150 కిలోమీటర్లు. టికెట్టు రేటు ఫోన్లో కనిపిస్తుంది. కారు బాడుగ, ఒక రాత్రి నిద్ర, తోడు వెళ్ళినవాళ్ళు పోగొట్టుకున్న కూలి ఆ రేటులో కనిపించవు. కరోనా తర్వాత విమానయానం కోలుకుందా అని అడిగినప్పుడు దేశం మొత్తం లెక్క చూసి అవునంటాం. ఈ కారులో కూర్చున్నవాళ్ళ వైపు నుంచి అదే ప్రశ్న అడిగితే జవాబు ఒక్క మాటలో తేలదు. పెద్ద విమానాశ్రయాలు ఎలా లేచాయో, చిన్నవి ఎక్కడ తడబడ్డాయో, అందులో మన జిల్లా నేర్చుకోవాల్సింది ఏమిటో ఒకచోట పెట్టి చూడటం ఈ వ్యాసం పని.

ఆగిన రెండు నెలలు, పట్టిన మూడేళ్ళు

2020 మార్చి 23 నుంచి అంతర్జాతీయ సర్వీసులు, మార్చి 25 నుంచి దేశీయ విమానాలు ఆగిపోయాయి. దేశీయ విమానాలు మళ్ళీ మే 25న ఎగిరాయి. మన రాష్ట్రంలో మరుసటి రోజు మొదలయ్యాయి. ఎగరడం మొదలైందే గానీ పాత సర్వీసుల్లో మూడో వంతుకే అనుమతి. దాన్ని మెట్టు మెట్టుగా పెంచుతూ, రెండో దఫా జబ్బు ముంచుకొచ్చినప్పుడు మళ్ళీ సగానికి కుదిస్తూ, చివరికి ఆ పరిమితిని 2021 అక్టోబర్ 18న పూర్తిగా ఎత్తేశారు. టికెట్ల కనీస, గరిష్ఠ ధరలపై నియంత్రణ 2022 ఆగస్టు చివరి దాకా సాగింది. అంతర్జాతీయ సర్వీసులు మామూలుగా తిరగడానికి 2022 మార్చి 27 దాకా ఆగాల్సి వచ్చింది.

దేశంలో 2019లో 14.4 కోట్ల మంది దేశీయ విమానాలెక్కారు. 2020లో ఆ లెక్క 6.3 కోట్లకు పడిపోయింది. 2021లో 8.4 కోట్లు, 2022లో 12.3 కోట్లు, 2023లో 15.2 కోట్లు. పడిన గొయ్యి పూడటానికి మూడేళ్ళు పట్టింది. 2024కల్లా 16 కోట్లు దాటింది. ప్రపంచమంతా 2019లో 450 కోట్ల ప్రయాణాలు జరిగితే 2020లో 180 కోట్లే జరిగాయి. ఆ పతనంతో పోలిస్తే మన దేశం త్వరగానే తేరుకుంది.

విశాఖ కథ ఇదే గీత మీద నడిచింది. 2018-19లో 28 లక్షల పైచిలుకు ప్రయాణికులున్న చోట 2020-21లో 11 లక్షల దరిదాపున మిగిలారు. 2022-23లో మళ్ళీ 25 లక్షల దాకా వచ్చారు. అయితే విశాఖకు సొంత రన్‌వే లేదు. అది నౌకాదళానిది, ఐఎన్‌ఎస్ డేగా స్థావరం. 2023 నవంబర్ నుంచి కొన్ని నెలల పాటు రన్‌వే మరమ్మతు కోసం రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఎనిమిది దాకా మూసేశారు. కోలుకుంటున్న రోజుల్లోనే రాత్రి విమానాలు పోయాయి. విదేశీ సర్వీసులు ఇంకా నెమ్మదిగా వచ్చాయి. బ్యాంకాక్, కౌలాలంపూర్ విమానాలు 2024 ఏప్రిల్‌కు గానీ రాలేదు. అబూధాబీకి నేరుగా వెళ్ళే విమానం 2025 జూన్‌లో మొదలైంది. గల్ఫ్‌కు వెళ్ళే ఉద్దానం కుర్రాళ్ళకు కావలసింది సరిగ్గా ఈ దారే. దేశీయ లెక్క కుదుటపడిన రెండేళ్ళకు గానీ వాళ్ళ లెక్క కదల్లేదు.

తుపాను వేరు, మహమ్మారి వేరు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ విమానాశ్రయం పైకప్పును చీల్చేసింది. అద్దాలు పగిలాయి, టెర్మినల్‌లోకి నీళ్ళొచ్చాయి. రోజుల వ్యవధిలోనే విమానాలు మళ్ళీ దిగాయి, ఎందుకంటే ఎక్కేవాళ్ళు ఎక్కడికీ పోలేదు. కరోనా ఒక్క అద్దం కూడా పగలగొట్టలేదు. భవనం, రన్‌వే, సిబ్బంది అలాగే ఉన్నారు, మనుషులు రాలేదు. ఇలాంటి దెబ్బ చిన్న విమానాశ్రయానికి ఎందుకు ప్రాణం మీదికొస్తుందో తెలియాలంటే దాని ఖర్చు ఎలా నడుస్తుందో చూడాలి.

రోజుకు ఒక్క విమానం దిగినా అగ్నిమాపక వాహనం, దాని సిబ్బంది సిద్ధంగా ఉండాల్సిందే. భద్రతా సిబ్బంది, సంచుల తనిఖీ యంత్రం, గగనతల నియంత్రణ, రన్‌వే దీపాలు, చుట్టూ గోడ, పక్షుల్ని పశువుల్ని తోలేవాళ్ళు, అన్నీ ఉండాలి. పది విమానాలు దిగినా ఈ ఖర్చు పదింతలు కాదు. విమానం దిగకపోయినా సున్నా కాదు. రాబడి మాత్రం దిగిన విమానాల మీద, ఎక్కిన తలల మీద ఆధారపడుతుంది. పెద్ద విమానాశ్రయాలకు దుకాణాల అద్దెలు, కార్ల పార్కింగ్, హోటళ్ళు, ప్రకటనలు ఉంటాయి. చిన్నచోట ఒక టీ కొట్టు నడవడమే కష్టం.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. చిన్న ఊళ్ళకు తిరిగే ఏటీఆర్ విమానంలో 78 సీట్లుంటాయి. రోజుకు ఒకసారి వచ్చి, ముప్పావు నిండి వెళ్తే 58 మంది దిగుతారు, 58 మంది ఎక్కుతారు. ఏడాదికి 42 వేల మంది. ఆ ఊరి నుంచి రోజూ అటు 58 మంది, ఇటు 58 మంది, వానాకాలంలోనూ ఎండాకాలంలోనూ, పండగకూ పండగ కాని రోజుకూ, బస్సు రేటు కాక విమానం రేటు ఇచ్చి వెళ్ళాలి. సంక్రాంతి వారం నిండటం గొప్ప కాదు. ఆషాఢంలో మంగళవారం నాడు నిండితే ఆ ఊరికి విమానం నిలుస్తుంది.

ఉడాన్ చూపిన మంచీ చెడూ

ఈ లోటు పూడ్చడానికే కేంద్రం ఉడాన్ పథకం తెచ్చింది. సుమారు గంట ప్రయాణానికి 2,500 రూపాయల టికెట్టు, నష్టపోయే విమాన సంస్థకు మూడేళ్ళ పాటు లోటు భర్తీ, అందులో రాష్ట్రం వాటా, ఇంధనంపై పన్ను తగ్గింపు. 2017 ఏప్రిల్ 27న సిమ్లా నుంచి ప్రధాని జెండా ఊపినప్పుడు మొదలైన తొలి మార్గాల్లో మన కడప-హైదరాబాద్ ఒకటి. నడిపింది హైదరాబాద్‌కు చెందిన ట్రూజెట్. తెలుగువాళ్ళ విమాన సంస్థ తెలుగు ఊరికి విమానం నడపడం అప్పట్లో అందరికీ గర్వంగానే ఉండేది.

కరోనా వచ్చి ఆ పునాదుల్ని పరీక్షించింది. కొద్ది విమానాలతో, కొద్ది పెట్టుబడితో నడిచే సంస్థలకు నెలల తరబడి ఖాళీ సీట్లు భరించే శక్తి ఉండదు. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ ఎగరడం ఆగిపోయింది. కడపకు ఆ మార్చి నెలాఖరులో ఇండిగో వచ్చింది, అదీ రాష్ట్ర ప్రభుత్వ లోటు భర్తీతో. ఊరికి విమానం నిలిచింది. కేంద్రం సొమ్ము బదులు రాష్ట్రం సొమ్ము పడింది. సొంత కాళ్ళ మీద నిలిచిందా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

దేశం మొత్తం మీద ఈ ప్రశ్నకు కాగ్ 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుంచిన నివేదికలో సూటిగా జవాబు దొరుకుతుంది. మూడో విడత దాకా కేటాయించిన 774 మార్గాల్లో 403 మొదలవనే లేదు. మొదలైన 371లో మూడేళ్ళ గడువు పూర్తి చేసినవి 112. సాయం ఆగిన తర్వాత కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. అంటే కేటాయించినవాటిలో వందకు ఏడు. దీన్ని కరోనా ఖాతాలో మొత్తం వేయలేం. చాలా మార్గాలు రన్‌వే సిద్ధం కాక, చిన్న విమానాలు దొరకక, ఎక్కేవాళ్ళు చాలక కరోనాకు ముందే కుంటుతున్నాయి. మహమ్మారి వచ్చి ఆ బలహీనతను బయటపెట్టింది.

అలాగని పథకం వృథా అనడం అన్యాయం. 2025 బడ్జెట్ ప్రసంగంలో చెప్పిన లెక్క ప్రకారం 88 విమానాశ్రయాలు, 619 మార్గాలు, కోటిన్నర మంది ప్రయాణికులు. అందులో జీవితంలో మొదటిసారి విమానమెక్కినవాళ్ళు ఎంతమందో ఊహించుకోవచ్చు. అదే బడ్జెట్‌లో వచ్చే పదేళ్ళలో మరో 120 చోట్లకు విస్తరిస్తామన్నారు. విస్తరించేముందు ఆ 54 మార్గాలు ఎందుకు నిలిచాయో, మిగతావి ఎందుకు నిలవలేదో విడివిడిగా చూడాలి.

కర్నూలు ఇంకో పాఠం. ఓర్వకల్లు విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించారు. దేశంలో రెండో దఫా కరోనా పెరుగుతున్న రోజులవి. మార్చి 28న బెంగళూరు, విశాఖ, చెన్నైలకు విమానాలు మొదలయ్యాయి. పుట్టిన వారాల్లోనే ప్రయాణికులు ఇళ్ళకు పరిమితమైన విమానాశ్రయం అది. తర్వాతి ఏళ్ళలో సర్వీసులు పెరుగుతూ తరుగుతూ వచ్చాయి. విజయవాడకు 2025 జులై 2న వారానికి మూడు రోజుల విమానం మొదలైంది. వారానికి మూడు రోజులన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ, రోగిని తీసుకెళ్ళేవాడికీ ఇంటర్వ్యూకి వెళ్ళేవాడికీ అదే అసలు చిక్కు. పని పడ్డ రోజు విమానం లేకపోతే మరుసటిసారి వాళ్ళు రైలే చూసుకుంటారు. ప్రయాణికులు తగ్గారని సర్వీసు తగ్గిస్తే, సర్వీసు తగ్గిందని ప్రయాణికులు ఇంకా తగ్గుతారు.

ఒకే చేతిలో ఆకాశం

కోలుకునే దారిలో మరో మార్పు జరిగింది. కరోనాకు ముందే 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ మూతపడింది. 2023 మేలో గో ఫస్ట్ ఆగింది. 2024 నవంబర్‌లో విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసింది. దేశీయ ప్రయాణికుల్లో ఇండిగో వాటా 2019లో సగానికి లోపే, ఇప్పుడు 60 శాతం పైన. చిన్న ఊళ్ళలో చాలాచోట్ల దిగే విమానం ఒకే సంస్థది. సిబ్బంది విశ్రాంతి నిబంధనలు 2025 నవంబర్‌లో పూర్తిగా అమలులోకి వచ్చాక, డిసెంబర్ మొదట్లో ఇండిగో సర్వీసులు పెద్ద సంఖ్యలో రద్దయ్యాయి. హైదరాబాద్, బెంగళూరుల్లో వేరే సంస్థ విమానం ఎంత రేటుకైనా దొరికే వీలుంది. ఒకే సంస్థ దిగే చోట ఇంటికి తిరిగిరావడం తప్ప చేసేదేమీ లేదు. తలల లెక్కలో ఈ బలహీనత కనబడదు. కోలుకోవడం అంటే రెండో దారి ఉండటం కూడా.

బయటి దేశాలు ఏం చేశాయి

అమెరికా 2020 మార్చిలో చేసిన సహాయ చట్టంలో ఒక్క విమానాశ్రయాలకే 1,000 కోట్ల డాలర్లు ఇచ్చింది. చిన్న ఊళ్ళకు విమానం ఆగకుండా సాయం చేసే పథకం అక్కడ 1978 నుంచీ ఉంది. దాన్ని వ్యాపారంగా చూడరు, తపాలా లాంటి సేవగా చూస్తారు. యూరప్‌లో 2020 అక్టోబర్‌లో విమానాశ్రయాల సంఘం 193 చోట్ల దివాలా ముప్పు ఉందని హెచ్చరించింది. ఎక్కువ భాగం చిన్నవే. అయితే తేరుకునేటప్పుడు సెలవులకు వెళ్ళేవాళ్ళు, సొంతవాళ్ళను చూడటానికి వెళ్ళేవాళ్ళు ముందు కదిలారు. ఆఫీసు పనుల ప్రయాణాలు వెనకబడ్డాయి. బంధుత్వం మీద ఆధారపడ్డ మార్గం గట్టిదని అక్కడ తేలింది. వలస మీద బతికే మన జిల్లాకు ఈ మాట చాలా దగ్గరిది.

మన పరిస్థితికి ఎక్కువగా పనికొచ్చేది జపాన్‌లోని నోటో. సముద్రంలోకి చొచ్చుకెళ్ళిన వెనుకబడ్డ ద్వీపకల్పం అది. 2003లో అక్కడ విమానాశ్రయం తెరిచినప్పుడు స్థానిక ప్రభుత్వాలు విమాన సంస్థతో ఒక ఒప్పందం చేసుకున్నాయి. సీట్లు ఇంత శాతం నిండుతాయని హామీ ఇచ్చి, నిండకపోతే లోటు తామిస్తామన్నాయి. అనుకున్నదానికంటే బాగా నిండితే సంస్థ స్థానికులకు తిరిగివ్వాలి. ఈ ఒప్పందం వల్ల విమానం నింపే బాధ్యత ఊరిది కూడా అయింది. మన దగ్గర లోటు భర్తీ ఒకవైపే నడుస్తుంది. నష్టమైతే ఖజానా ఇస్తుంది, లాభమైతే ఊరికి రాదు.

ఉద్దానం ముందున్న ప్రశ్న

కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడుది కోటబొమ్మాళి మండలంలోని నిమ్మాడ. దేశంలో ఏ ఊరికి విమానం వెళ్ళాలో నిర్ణయించే శాఖకు మన మండలం మనిషి మంత్రి అయినప్పుడు మన ఊరికీ ఒకటి కావాలని ఆశించడం సహజం. విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం కట్టింది జీఎంఆర్. ఆ సంస్థ స్థాపకుడు గ్రంధి మల్లికార్జునరావుది పాత శ్రీకాకుళం జిల్లాలోని రాజాం. 2020 జూన్‌లో, అంటే విమానాలు సరిగా ఎగరని రోజుల్లోనే, రాష్ట్రంతో ఒప్పందం కుదిరింది. 2023 మేలో శంకుస్థాపన జరిగింది. 2026 జనవరి 4న పరీక్ష విమానం దిగింది. తొలి దశ ఏడాదికి 60 లక్షల మంది కోసం. నౌకాదళం వేళలతో పని లేకుండా రాత్రీ పగలూ నడిచే రన్‌వే మొదటిసారి ఉత్తరాంధ్రకు దక్కుతుంది.

కోటబొమ్మాళి నుంచి భోగాపురం సుమారు 100 కిలోమీటర్లు. విశాఖతో పోలిస్తే మూడో వంతు దూరం తగ్గింది. మరోవైపు పలాస దగ్గర ఇంకో విమానాశ్రయం ప్రతిపాదన ఉంది. మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో భూములు చూశారు. ఆ రైతులు వద్దంటున్నారు. సంతబొమ్మాళి మండలంలో మూలపేట పోర్టు కడుతున్నారు కాబట్టి విమానాశ్రయం తోడైతే పరిశ్రమలొస్తాయని ఒక వాదన. వలస ఆగుతుందని ఆశ. ఆ ఆశను తేలికగా తీసిపారేయకూడదు. ఇచ్ఛాపురం వాళ్ళకు భోగాపురమైనా దూరమే.

రైతుల మాట కూడా అంతే గట్టిగా వినాలి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఉద్దానం మీద విరుచుకుపడినప్పుడు కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్ళతో లేచిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఐదారేళ్ళు పడుతుంది. నాటిన మొక్కలు ఎదగకముందే కరోనా వచ్చింది, కాపు చేతికందే వేళకు సర్వే రాళ్ళ మాట వచ్చింది. నాటిన మొక్కల్ని లెక్కపెట్టి తోట తేరుకుందని ఉద్దానంలో ఎవరూ అనరు, కాయ తెగినప్పుడు అంటారు. విమానాశ్రయం విషయంలోనూ కొలత అదే కావాలి.

కార్గో వాదన కూడా ఒకసారి తూచి చూడాలి. పలాస జీడిపప్పు నెలల తరబడి నిలవ ఉంటుంది, లారీలో వెళ్తే చాలు. విమానం రేటు దానికి దండగ. విమానమే కావలసినవి వేరే ఉన్నాయి. వనామీ తల్లి రొయ్యలు అమెరికా నుంచి విమానంలో చెన్నై క్వారంటైన్ కేంద్రానికి వస్తాయి, అక్కణ్ణుంచి కోస్తా హేచరీలకు చేరతాయి. 2020లో ప్రయాణికుల విమానాలు ఆగినప్పుడు వాటి పొట్టలో వెళ్ళే సరుకూ ఆగింది. అంటే కార్గోకు కూడా రోజూ తిరిగే ప్రయాణికుల విమానమే దారి. ఆ దారి భోగాపురంలో బలపడితే ఉద్దానం చేపకూ పండుకూ అదే దగ్గరి మార్గం.

కాబట్టి నాకు కనిపించే వరుస ఇది. మొదట భోగాపురాన్ని ఉద్దానానికి దగ్గర చేయాలి. పలాస, టెక్కలి, కోటబొమ్మాళి కాంప్లెక్సుల నుంచి విమానాల వేళలకు సరిపడే ఆర్టీసీ బస్సులు రాత్రిపూట కూడా నడవాలి. పలాసలో ఆగే రైళ్ళెక్కి విజయనగరంలో దిగినవాళ్ళకు అక్కణ్ణుంచి విమానాశ్రయానికి బస్సు సిద్ధంగా ఉండాలి. రెండోది, మన జిల్లా నుంచి ఏ దేశానికి, ఏ ఊరికి, ఏ నెలలో ఎంతమంది వెళ్తున్నారో లెక్క తీయాలి. ఆ లెక్క చేతిలో ఉంటే గల్ఫ్‌కూ సింగపూర్‌కూ మరిన్ని నేరు విమానాలు అడగడానికి బలం ఉంటుంది. మూడోది, లోటు భర్తీ ఇస్తే నోటోలో లాగా రెండువైపులా ఉండాలి, ఒకే సంస్థ చేతిలో చిక్కుకోకూడదు. ఇవన్నీ నడిచాక పలాస నుంచి రోజూ ఆ 58 మంది ఉన్నారని తేలితే, ఆ లెక్కను రైతుల ముందు పెట్టి, వాళ్ళ ఒప్పుదలతో అప్పుడు భూమి మాట ఎత్తాలి. ఊహ మీద తోట తీయకూడదు. తీసిన తోట మళ్ళీ రాదు.

2020 వేసవిలో గుజరాత్ వెరావల్‌లో చిక్కుకున్న మన మత్స్యకారులు వేలమంది బస్సుల్లో దేశం ఆ చివర నుంచి ఈ చివరకు రోజుల తరబడి ప్రయాణించి ఇళ్ళు చేరారు. అప్పుడు ఆకాశం మూసుకుపోయింది, ఏ విమానాశ్రయం వాళ్ళను ఆదుకోలేదు, రోడ్డు ఆదుకుంది. అందుకే ఉద్దానానికి విమానం కావాలనేవాళ్ళు రోడ్డు దగ్గర మొదలుపెట్టాలి.

భోగాపురం నుంచి విమానాలు ఎగరడం మొదలయ్యాక ప్రయాణికుల లెక్క పత్రికల్లో వస్తుంది, పెరుగుతుంది, సంతోషిద్దాం. దాంతోపాటు ఉద్దానంలో ఒక ఇంటికి వెళ్ళి చూద్దాం. కాటా దూలానికి వేలాడుతున్న ఆ ఇంట్లో కుర్రాడు ఎన్ని గంటలకు బయలుదేరాల్సి వస్తోంది, కారుకు ఎంత ఇస్తున్నాడు, తల్లి అతన్ని బస్సెక్కించి ఆ రాత్రి ఇంట్లోనే పడుకోగలుగుతోందా. ఈ మూడింటికి మంచి జవాబు వచ్చిన రోజు మన ప్రాంతం కోలుకుందని నమ్మకంగా రాయవచ్చు.